పుట్టించినవాడు కాదు, పట్టుకున్నవాడు: కంప్యూటర్ వైరస్‌ల నామకరణం

1992 మార్చి మొదటి వారంలో అమెరికా పత్రికల్లోనూ టెలివిజన్‌లోనూ ఇటలీ శిల్పి మైకెలాంజెలో పేరు మారుమోగింది. కళకూ ఆ సందడికీ సంబంధం లేదు. మార్చి 6న ఆన్ చేసిన కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు మీది సమాచారాన్ని చెరిపివేసే వైరస్ ఒకటి అప్పటికే ఫ్లాపీల ద్వారా దేశదేశాలు తిరుగుతోంది. దానివల్ల యాభై లక్షల యంత్రాల దాకా పాడైపోవచ్చునని వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకాఫీ వేసిన అంచనా పతాకశీర్షికలకెక్కింది. ఆ రోజు వచ్చింది, గడిచింది. దెబ్బతిన్న యంత్రాలు వేలల్లో తేలాయి. వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ అమ్మకాలు మాత్రం ఆ కొద్ది వారాల్లో బాగా పెరిగాయి.

ఆ వైరస్ లోపల మైకెలాంజెలో ప్రస్తావన ఎక్కడా లేదు. అది స్టోన్‌డ్ అనే పాత వైరస్‌కు రూపభేదం మాత్రమే. రాసినవాడు ఆ తేదీని ఎందుకు ఎంచుకున్నాడో చెప్పే అక్షరం ఒక్కటీ అందులో లేదు. దాన్ని విప్పి చూసినవారు 1475 మార్చి 6న మైకెలాంజెలో పుట్టాడని గమనించి ఆ పేరు తగిలించారు. స్టోన్‌డ్ వైరస్‌కు మరొక రూపం అని ఊరుకుని ఉంటే పత్రికలు మొదటి పేజీలో చోటిచ్చేవా అన్నది అడగదగిన ప్రశ్న. పేరు పెట్టడంతో ఒక సాంకేతిక వివరం కథగా మారింది. కథకు ఒక నాయకుడు, ఒక ముహూర్తం, ఒక భయం సమకూరాయి.

గ్రంథానికి కర్త పేరు పెడతాడు. బిడ్డకు బారసాలనాడు పెద్దలు పెడతారు. కంప్యూటర్ వైరస్ విషయంలో పుట్టించినవాడికి ఆ హక్కు లేదు. పట్టుకున్నవాడే నామకర్త. తోకచుక్కల విషయంలోనూ ఆనవాయితీ ఇంచుమించు ఇంతే కాని, తోకచుక్కను కనిపెట్టినవాడు దానికి విరుగుడు అమ్మడు. వైరస్‌ను కనిపెట్టిన సంస్థ చాలాసార్లు మందు అమ్మే సంస్థ కూడాను. అందువల్ల ఈ పేర్లు ఆ ప్రోగ్రాముల గురించి చెప్పేదానికంటే పెట్టినవారి గురించే ఎక్కువ చెబుతాయి. అమెరికాలో గత నాలుగు దశాబ్దాల పేర్లను వరసగా చదివితే ఈ సంగతి స్పష్టమవుతుంది.

వైరస్ అన్న జాతినామమే కల్పనాసాహిత్యం మీదుగా వచ్చింది. 1972లో డేవిడ్ జెరాల్డ్ రాసిన 'వెన్ హార్లీ వజ్ వన్' నవలలో ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు పాకే ప్రోగ్రాముకు ఆ పేరుంది. 1983 నవంబరులో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఫ్రెడ్ కోహెన్, ఇతర ప్రోగ్రాములకు అంటుకుని తన నకళ్ళను తానే తయారుచేసుకునే ప్రోగ్రామును ప్రయోగంగా రాశాడు. దానికి వైరస్ అన్న మాటను సూచించినవాడు అతడి గురువు లెనార్డ్ ఏడల్మన్. 'వర్మ్' కథా అలాంటిదే. 1975లో జాన్ బ్రన్నర్ 'ది షాక్‌వేవ్ రైడర్' నవలలో నెట్‌వర్కులో పాకే ప్రోగ్రామును టేప్‌వర్మ్ అన్నాడు. 1982లో జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధనశాల శాస్త్రజ్ఞులు జాన్ షాక్, జాన్ హప్ తమ ప్రయోగాల గురించి వ్యాసం రాస్తూ ఆ మాటనే స్వీకరించారు.

జీవశాస్త్రం నుంచి తెచ్చుకున్న ఈ ఉపమానానికి ఒక దోషం ఉంది. రోగానికి కర్త ఉండడు. ఫలానా వైరస్ వ్యాపిస్తోంది అన్న వాక్యంలో దాన్ని రాసినవాడూ కనిపించడు, ఆ వైరస్ దూరడానికి వీలుగా లోపాలున్న సాఫ్ట్‌వేర్‌ను అమ్మినవాడూ కనిపించడు. రుతువు మారితే జలుబు చేసినట్టు అంతా ప్రకృతిలో భాగమైపోతుంది.

తెలుగువారికి రోగాల పేర్లతో మరొక తరహా అనుభవం ఉంది. మశూచి సోకితే రోగం పేరెత్తకుండా అమ్మవారు పోసిందనేవారు. రాత్రిపూట పామును పామనకుండా పురుగు అనేవారు. పాము కరిచిందనడానికి పురుగు ముట్టిందనడం పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య వంటి పేర్లు పెట్టి మృత్యువు కన్ను తప్పించేవారు. పేరెత్తితే వచ్చి మీద పడుతుందన్న భయం నుంచి పుట్టిన మర్యాద అది. అమెరికన్ ప్రయోగశాలల పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ పేరు పెట్టడమంటే పట్టి బంధించడం, కనీసం బంధించినట్టు ప్రకటించడం.

తొలినాటి వైరస్‌ల పేర్లలో ఇంకా అమాయకత్వం ఉంది. 1986లో లాహోర్‌కు చెందిన బాసిత్, అమ్జద్ ఫారూఖ్ అల్వీ సోదరులు తాము రాసిన ప్రోగ్రాములో తమ దుకాణం పేరు, చిరునామా, ఫోన్ నంబరు కూడా పెట్టారు. ఆ 'బ్రెయిన్' మరుసటి ఏడాది డెలవేర్ విశ్వవిద్యాలయం ఫ్లాపీలలో బయటపడింది. రాసినవారు పెట్టిన పేరే నిలిచిన అరుదైన ఉదాహరణ ఇది. అదే 1987లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో దొరికినదానికి లీహై అనీ, జెరూసలేంలో దొరికినదానికి జెరూసలేం అనీ పేర్లొచ్చాయి. దొరికిన ఊరు పుట్టిన ఊరు కానక్కరలేదన్న విచక్షణ అప్పటికి లేదు. పైగా జెరూసలేం వైరస్ ఒక్క పేరుతో సరిపెట్టుకోలేదు. పదమూడో తేదీ శుక్రవారమైతే చాలు, ఆ రోజు నడిపిన ప్రోగ్రాములను చెరిపేస్తుంది గనుక కొందరు దాన్ని ఫ్రైడే థర్టీంత్ అన్నారు. ఒక రకం ఫైలుకు 1,813 బైట్ల బరువు పెంచుతుంది గనుక మరికొందరు 1813 అన్నారు. మరొక రకం ఫైలుకు పెంచే బరువు దాదాపు 1,808 గనుక ఇంకొందరు 1808 అన్నారు. అలా ఒకే వైరస్‌ను కొలిచినవారు దానికి రెండు సంఖ్యలు పెట్టుకున్నారు.

1988 నవంబరు 2న వెలువడిన వర్మ్‌కు మాత్రం కర్త పేరే స్థిరపడింది. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ దాన్ని ఎం.ఐ.టి. నుంచి వదిలాడు. నాటి ఇంటర్నెట్‌లో దాదాపు ఆరువేల యంత్రాలు స్తంభించాయని అంచనా వేశారు. 1990లో న్యాయస్థానం అతడికి మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, పదివేల డాలర్లకు పైగా జరిమానా విధించింది. తరువాత అతడు అదే ఎం.ఐ.టి.లో ఆచార్యుడయ్యాడు. చట్టం వేసిన శిక్ష ముగిసి దశాబ్దాలైంది. పాఠ్యపుస్తకాల్లో అది ఇప్పటికీ మోరిస్ వర్మే.

ఈ గందరగోళాన్ని చక్కదిద్దడానికి 1991లో 'కారో' అనే పరిశోధకుల కూటమి ఒక నామకరణ పద్ధతిని రూపొందించింది. దాన్ని కూర్చినవారు ముగ్గురూ యూరోపియన్లే: ఐస్‌లాండ్‌కు చెందిన ఫ్రిద్రిక్ స్కూలాసన్, ఇంగ్లండ్‌కు చెందిన ఆలన్ సాలమన్, బల్గేరియాకు చెందిన వెసెలిన్ బాంచెవ్. కుటుంబం, ఉపకుటుంబం, రూపభేదం, అంతర్భేదం అని చుక్కలతో విడదీసిన నాలుగంచెల పేరు వారిది. వృక్షశాస్త్రపు లాటిన్ నామాల క్రమశిక్షణను గుర్తుకుతెచ్చే ప్రయత్నం. అందులోని నిషేధాల జాబితా ఆనాటి అనుభవసారం. కంపెనీల పేర్లు వద్దు, జీవించి ఉన్నవారి పేర్లు వద్దు, దొరికిన ఊరి పేరు వద్దు, సంఖ్యలు వద్దు, అసభ్యం వద్దు, తగిన పేరు ఉండగా కొత్తది వద్దు. ఫలానావారు రాశారని వైరస్ తనంత తాను చెప్పుకుంటే రుజువు లేనిదే నమ్మవద్దన్న నియమం కూడా ఉంది. దాని వెనుక ఒక చేదు కథ ఉంది. డార్క్ అవెంజర్ అనే మారుపేరుతో పేరుమోసిన బల్గేరియన్ వైరస్ రచయిత, తన ప్రోగ్రాముల్లో ఒకదానిలో దాని హక్కుదారుగా బాంచెవ్ పేరునే చెక్కాడు. తనను వెంటాడుతున్నవాడికే ఆ పాపాన్ని అంటగట్టడం అన్నమాట.

నియమాలు నిలబడ్డాయి గాని పేర్లు నిలబడలేదు. ఆ పద్ధతి నిపుణుల జాబితాల్లో బతికింది. వీధిలో చెలామణి అయిన పేర్లను అమెరికన్ మార్కెట్టు, పత్రికలు నిర్ణయించాయి. 1995లో మైక్రోసాఫ్ట్ వర్డ్ పత్రాల ద్వారా వ్యాపించిన మొదటి మాక్రో వైరస్‌ను అందరూ 'కాన్సెప్ట్' అంటే, మైక్రోసాఫ్ట్ మాత్రం 'ప్రాంక్ మాక్రో' అంది. తన సాఫ్ట్‌వేర్‌లో వైరస్ దూరగలదని ఒప్పుకోవడం కంటే దాన్ని ఆకతాయి చేష్ట అనడం కంపెనీకి సుఖం. ఈ చరిత్ర మొత్తంలో ఇంత నిజాయితీ లేని పేరు మరొకటి దొరకదు.

2001 జులైలో కాలిఫోర్నియాలోని ఈ-ఐ డిజిటల్ సెక్యూరిటీ అనే చిన్న సంస్థలో మార్క్ మైఫ్రెట్, రయన్ పెర్మె ఒక కొత్త వర్మ్‌ను విప్పి చూస్తున్నారు. వాళ్ళు తాగుతున్న శీతలపానీయం కోడ్ రెడ్ మౌంటెన్ డ్యూ. వర్మ్ తాను ఆక్రమించిన వెబ్‌సైట్లపై చైనీయుల పనే ఇదని అర్థమొచ్చే వాక్యం రాస్తోంది. ఎరుపు రెండిటికీ సరిపోయింది. 'కోడ్ రెడ్' అన్నది ప్రమాద హెచ్చరిక కూడా కావడంతో పత్రికలకు మరింత నచ్చింది. జులై 19న పద్నాలుగు గంటల లోపే 3,59,000కు పైగా యంత్రాలకు అది సోకింది. ఒక కూల్‌డ్రింకు బ్రాండ్ దేశభద్రత చర్చల్లోకి అలా ప్రవేశించింది. ఇందులో ఆసక్తికరమైన మలుపు ఆగస్టులో వచ్చింది. అదే లోపాన్ని వాడుకుంటూ మరొక వర్మ్ బయలుదేరింది. దాని ప్రోగ్రాము పూర్తిగా వేరు. కాని రాసినవాడు అందులో 'కోడ్‌రెడ్ టూ' అని రాసుకున్నాడు. దాంతో సంబంధం లేని రెండోది మొదటిదానికి తమ్ముడైపోయింది. పట్టుకున్నవారు పెట్టిన పేరును పుట్టించేవారు బిరుదుగా స్వీకరించిన సందర్భం ఇది.

రచయితకు కీర్తి దక్కకూడదన్నది వైరస్ పరిశోధకులు పాటించే మర్యాద. అతడు కోరుకున్న పేరును వీలైనంతవరకు పక్కన పెడతారు, లేదా వికృతం చేస్తారు. 2001 సెప్టెంబరు 18న, న్యూయార్క్ జంట హర్మ్యాలు కూలిన వారానికి, ఒక వర్మ్ వచ్చింది. తాను కాన్సెప్ట్ వైరస్ అయిదో కూర్పునని అది చెప్పుకుంది. ఆ పేరు 1995 నుంచి వేరొకదానికి ఉంది. అందువల్ల అడ్మిన్ అన్న మాటలోని ఇంగ్లీషు అక్షరాలను వెనకనుంచి చదివి 'నిమ్డా' అన్నారు. దేశమంతా అనుమానాలతో ఉడుకుతున్న ఆ రోజుల్లో, దానికీ సెప్టెంబరు 11 దాడులకూ సంబంధం ఉన్నట్టు ఆధారాలు లేవని అటార్నీ జనరల్ జాన్ యాష్‌క్రాఫ్ట్ ప్రకటించవలసివచ్చింది. తిరగేసిన ఆ అర్థరహిత శబ్దం ఆనాటికి మేలే చేసిందనాలి. దేశాన్నో మతాన్నో సూచించే పేరు పెట్టి ఉంటే దాని పర్యవసానం వేరుగా ఉండేది.

2004 జనవరిలో మెకాఫీ సంస్థ ఉద్యోగి క్రెయిగ్ ష్ముగర్ ఒక వర్మ్ లోపల 'మైడామ్' వంటి అక్షరాల కూర్పు చూశాడు. అది చాలా పెద్దదవుతుందని అతడికి అనిపించి, 'డూమ్' అన్న ప్రళయవాచకం వచ్చేలా ఒక అక్షరం పెంచి 'మైడూమ్' అన్నాడు. అదే వర్మ్‌ను ఇతర సంస్థలు నోవార్గ్ అనీ, మిమైల్‌లో మరొక రూపమనీ అన్నాయి. ప్రళయం ముందు అవి నిలవలేదు. 2008 నాటి 'కాన్‌ఫికర్'కు మూలం ట్రాఫిక్ కన్వర్టర్ అనే వెబ్‌సైట్ పేరులోని ముక్కల తారుమారు. 2010లో బెలారుస్ సంస్థ ఒకటి కనిపెట్టినదానికి, లోపలి రెండు ఫైలు పేర్ల తునకలు అతికి 'స్టక్స్‌నెట్' అన్నారు. అక్షరాలను తిప్పడం, అతకడం, ఒకటి పెంచడం, ఒకటి తుంచడం. వ్యాకరణంలో దీనికి సూత్రం లేదు గాని, పద్ధతి మాత్రం స్థిరమైనది.

తమ ప్రమేయం లేకుండా పేరు అప్పిచ్చినవారి సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1999 మార్చి 26న వ్యాపించిన 'మెలిసా' రచయిత న్యూజెర్సీకి చెందిన డేవిడ్ స్మిత్. ఫ్లోరిడాలో అతడికి తెలిసిన ఒక నర్తకి పేరు అదని వార్తలొచ్చాయి. ఎనిమిది కోట్ల డాలర్లకు పైగా నష్టమని లెక్క కట్టారు. 2002లో అతడికి 20 నెలల జైలుశిక్ష పడింది. ఇక్కడ పరిశోధకులు తమ మర్యాదను తామే మరిచి, రాసినవాడు పెట్టిన పేరునే ఉంచేశారు. 2001 ఫిబ్రవరిలో టెన్నిస్ క్రీడాకారిణి ఆనా కూర్నికోవా బొమ్మగా నటించిన ఫైలుతో ఒక నెదర్లాండ్స్ యువకుడు మరొకటి వదిలాడు. జీవించి ఉన్నవారి పేర్లు కూడదన్న నియమాన్ని మన్నించి ఎన్నో సంస్థలు దాన్ని ఎస్.ఎస్.టి. అన్నాయి. పత్రికలు మాత్రం ఆమె పేరే వాడాయి, ఇప్పటికీ వాడుతున్నాయి. అమెరికా వాతావరణశాఖ 1953 నుంచి పాతికేళ్ళ పాటు తుపానులన్నిటికీ ఆడవారి పేర్లే పెట్టి, విమర్శలకు తలవంచి 1979లో అట్లాంటిక్ తుపానులకు మగవారి పేర్లూ చేర్చింది. వైరస్‌ల విషయంలో విమర్శను వినవలసిన శాఖ అంటూ లేదు.

ఇన్ని పేర్లెందుకు, ఒక్కటి చాలదా అన్న ప్రశ్నకు ప్రభుత్వమే ఒకసారి సమాధానం చెప్పబోయింది. 2005లో అమెరికా ప్రభుత్వపు యు.ఎస్.-సెర్ట్ సహకారంతో మైటర్ సంస్థ, విస్తృతంగా వ్యాపించే ప్రతి దుష్ట ప్రోగ్రాముకూ ఒక సంఖ్య ఇచ్చే సి.ఎం.ఇ. అనే పథకాన్ని ప్రారంభించింది. సాఫ్ట్‌వేర్ లోపాలకు అదే మైటర్ 1999 నుంచి ఇస్తున్న సి.వి.ఇ. సంఖ్యలు విజయవంతమయ్యాయి గదా అన్నది ఆశ. 2006 జనవరిలో పరీక్ష ఎదురైంది. ప్రతి నెలా మూడో తేదీన పత్రాలను నాశనం చేసే ఒక వర్మ్ భారతదేశంలోనూ పెరూలోనూ ఎక్కువగా వ్యాపించింది. ఒక సంస్థ దాన్ని నిక్సెమ్ అంది, మరొకటి బ్లాక్‌మాల్ అంది, ఇంకొకటి మైవైఫ్ అంది. మైటర్ దానికి ఇచ్చిన సంఖ్య 24. కొన్ని మెయిళ్ళలో ఎరగా వాడిన మాటను పట్టుకుని పత్రికలు 'కామసూత్ర వర్మ్' అన్నాయి. వాత్స్యాయనుడి ముందు 24 ఏపాటిది? తన యంత్రంలో ఉన్న రక్షణ నిక్సెమ్‌కు పనిచేస్తుందని చదివిన సామాన్యుడికి, అది కామసూత్రకు కూడా పనిచేస్తుందో లేదో తెలిసే దారి లేదు. నామకరణ వైఫల్యం వల్ల నిజంగా నష్టపోయేది అతడే.

రెండేళ్ళు తిరగకుండానే ఆ పథకం చతికిలబడింది. సంస్థలు సహకరించలేదన్న వివరణ సగం నిజమే. రెండో సగం వస్తుస్వభావంలో ఉంది. లోపం ఒకచోట స్థిరంగా ఉంటుంది, దానికి సంఖ్య ఇవ్వవచ్చు. దుష్ట ప్రోగ్రాము గంటగంటకూ రూపు మారుస్తుంది. ఏది పాతదానికి రూపభేదం, ఏది కొత్తది అన్నది ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క కొలతతో తేలుస్తుంది. వేలాది నమూనాలు రోజూ వచ్చిపడుతుంటే మనిషి పేరు పెట్టే తీరికే లేదు, యంత్రం పెట్టవలసిందే. 2017 జూన్ 27న యుక్రెయిన్‌లో మొదలై ప్రపంచమంతా పాకినదానికి చివరికి మిగిలిన పేరు 'నాట్‌పెట్యా'. అది చూడడానికి 2016 నాటి పెట్యాలా ఉంది, కాని పెట్యా కాదు. నేతి నేతి అంటూ పరబ్రహ్మాన్ని నిర్దేశించిన ఉపనిషత్ పద్ధతి ఇక్కడ అవసరార్థం అక్కరకొచ్చింది.

ఈ దశకు వచ్చేసరికి పేరు ప్రోగ్రామును వదిలి దాని వెనుక ఉన్న ముఠాల మీదికి మళ్ళింది. అమెరికన్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ ప్రతి దేశానికీ ఒక జంతువును కేటాయించింది. రష్యాకు ఎలుగు, చైనాకు పాండా, ఇరాన్‌కు పిల్లికూన, భారతదేశానికి పులి, పాకిస్తాన్‌కు చిరుత. 2023లో మైక్రోసాఫ్ట్ వాతావరణాన్ని ఎంచుకుంది. చైనా టైఫూన్, రష్యా మంచుతుపాను, ఇరాన్ ఇసుకతుపాను. ఫ్యాన్సీ బేర్, ఏ.పి.టి. 28, ఫారెస్ట్ బ్లిజార్డ్ అన్నవి ఒక్కరికే ఉన్న మూడు పేర్లు. 2018 జులైలో అమెరికా న్యాయశాఖ ఆ ముఠావారిపై అభియోగపత్రం దాఖలు చేసినప్పుడు ఎలుగుల ఊసు లేదు. రష్యా సైనిక గూఢచారి విభాగపు 26165వ దళం, 74455వ దళం అని ఉంది. అభియోగపత్రానికి పేరూ నంబరూ ఉన్న మనుషులు కావాలి. బొమ్మలతో, మారుపేర్లతో వాళ్ళను కథానాయకులుగా తీర్చిదిద్దే అవసరం సంస్థల ప్రచారపత్రాలకే ఉంది. రెండో దళానికి భద్రతాసంస్థలు పెట్టిన పేరు 'సాండ్‌వర్మ్'. వాళ్ళ ప్రోగ్రాముల్లో ఫ్రాంక్ హెర్బర్ట్ నవల 'డ్యూన్' ప్రస్తావనలు కనిపించడంతో 2014లో పెట్టారు. వర్మ్ అన్న మాట నవలలోంచి వచ్చి, నలభై ఏళ్ళ తరువాత మరో నవలలోకి తిరిగి చేరింది.

ఆ పట్టికలో అమెరికాకు జంతువు లేదు. ఇరాన్ అణు కర్మాగారాన్ని దెబ్బతీసిన స్టక్స్‌నెట్ అమెరికా, ఇజ్రాయెల్ కలిసి చేసిన పని అనీ, దాని రహస్యనామం 'ఒలింపిక్ గేమ్స్' అనీ 2012 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. చేసినవారి పత్రాల్లో క్రీడోత్సవం, పట్టుకున్నవారి పత్రాల్లో ఫైళ్ళ తునక. 2015లో మాస్కోకు చెందిన కాస్పర్‌స్కీ సంస్థ, స్టక్స్‌నెట్‌తో సంబంధమున్న అతి నేర్పరులైన ఒక బృందాన్ని వెలికితీసి, ఎన్‌క్రిప్షన్ పద్ధతుల మీద వాళ్ళకున్న మక్కువను బట్టి 'ఈక్వేషన్ గ్రూప్' అంది. దేశం పేరు ఎత్తలేదు. ఎవరి పట్టికలో ఎవరికి చోటుందన్నది ఆ పట్టిక ఏ నగరంలో తయారైందన్నదాని మీద ఆధారపడుతుంది.

పేరుకు ఇప్పుడు డబ్బు కూడా ముడిపడింది. నాట్‌పెట్యా వల్ల న్యూజెర్సీకి చెందిన మందుల కంపెనీ మెర్క్‌కు 140 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. అది రష్యా సైన్యం పని అని 2018 ఫిబ్రవరిలో శ్వేతసౌధం ప్రకటించడం బీమా కంపెనీలకు కలిసొచ్చింది. యుద్ధచర్యలకు బీమా వర్తించదన్న షరతును అవి చూపించాయి. ఆ షరతులోని మాటలకు సైన్యాలు తలపడే సంప్రదాయ యుద్ధమనే అర్థం తప్ప ఇది కాదని న్యూజెర్సీ న్యాయస్థానం తేల్చింది. 2023 మేలో అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఈలోగా 2022 ఆగస్టులో లండన్‌లోని లాయిడ్స్ బీమా విపణి, ప్రభుత్వాల అండతో జరిగే సైబర్ దాడులను మినహాయించే షరతులను సైబర్ బీమా పత్రాల్లో చేర్చాలని తన సభ్యులను ఆదేశించింది. ఆ షరతు కింద దాడి వెనుక ఉన్నది దొంగల ముఠాయా, ప్రభుత్వమా అని ఎవరో ఒకరు తేల్చవలసి ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ పరిభాషలో దొంగల ముఠా సాలెపురుగు, ప్రభుత్వ ముఠా ఎలుగో పాండాయో.